కట్ట విప్పకండి: పాత ఎలక్ట్రిక్ రైల్వే కంపెనీల కాగితాలు కొంటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

అమెరికాలో ఉంటూ పాత షేర్ సర్టిఫికెట్లు, బాండ్లు, రైల్వే కాగితాలు పోగుచేసే తెలుగువారి కోసం ఈ ఉత్తరం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఆన్‌లైన్ వేలాల్లో పాడుకునేవారికీ ఇది వర్తిస్తుంది. ట్రాలీలు (ఊరి వీధుల్లో నడిచేవి), ఇంటర్‌అర్బన్లు (ఊరికీ ఊరికీ మధ్య నడిచేవి) అని పిలిచిన తొలితరం ఎలక్ట్రిక్ రైల్వేల లెక్కల పుస్తకాలతో చాలాకాలంగా పనిచేస్తున్న కొందరం కలిసి రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. కట్టగా దొరికినదాన్ని కట్టగానే ఉంచండి. ఫ్రేము కట్టించుకోవడానికి పనికొచ్చే కాగితం ఒక్కటి లాగేసుకుని మిగతాది తూకానికి వదిలేయకండి.

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నామో షేర్ల పుస్తకంతోనే మొదలుపెట్టి చెబుతాం, మీలో ఎక్కువమందికి పరిచయమైనది అదే కనుక. ఆ పుస్తకంలో ప్రతి పేజీకి ఎడమవైపు కౌంటర్‌ఫాయిల్, కుడివైపు సర్టిఫికెట్ ఉంటాయి. షేర్లు చేతులు మారితే పాత సర్టిఫికెట్ కంపెనీకి తిరిగొస్తుంది. గుమాస్తా దానిమీద రద్దు ముద్ర కొట్టి, లేదా చిల్లులు పొడిచి, దాని కౌంటర్‌ఫాయిల్‌కే జిగురుతో అంటిస్తాడు. ఎవరికి ఇచ్చారు, ఎన్ని షేర్లు, ఏ తేదీన, ఏ పాత నంబరుకు బదులుగా ఇచ్చారు అన్నది కౌంటర్‌ఫాయిల్ మీద ఉంటుంది. ఇలాంటి పుస్తకం చేతికొస్తే చాలామంది అమ్మకందార్లు సర్టిఫికెట్లను ఊడదీసి ఒక్కొక్కటీ విడిగా అమ్ముతారు. కౌంటర్‌ఫాయిళ్లు చెత్తబుట్టకు పోతాయి.

పోయింది ఏమిటో చూడండి. చాలా కంపెనీల్లో మొదటి నాలుగైదు సర్టిఫికెట్లు ఒక్కొక్క షేరుకే ఉంటాయి. డైరెక్టరుగా కూర్చోవాలంటే కనీసం ఒక్క షేరైనా ఉండాలి కాబట్టి లాయరు ఆఫీసు గుమాస్తాల పేర్ల మీద రాసినవి అవి. ఆ వెంటనే వచ్చే సర్టిఫికెట్ వేల షేర్లకు, లైను వేసే కాంట్రాక్టు కంపెనీ పేరు మీద ఉంటుంది. ఆ కంపెనీ అసలు యజమానులు ఎవరని వెతికితే చాలాసార్లు రైల్వే ప్రమోటర్లే తేలతారు. లైను ఖర్చంతా బాండ్ల డబ్బుతో వెళ్లేది, బాండు కొన్నవారికి కామన్ షేర్లు కొసరుగా దక్కేవి. కాగితం మీద పెట్టుబడి నిజమైన పెట్టుబడికి రెట్టింపు కనిపించడానికి కారణం ఇదే. ఈ సంగతి 1, 2, 3 నంబర్లు వరసగా ఉన్న పుస్తకం చెబుతుంది. గోడకు వేలాడే 214వ నంబరు సర్టిఫికెట్ చెప్పలేదు.

రెవెన్యూ స్టాంపుల విషయంలోనూ ఇదే గొడవ. 1898 జూలై 1 నుంచి 1902 మధ్య వరకు కొత్తగా జారీచేసే షేర్లకు ముఖవిలువ 100 డాలర్లకు 5 సెంట్లు, బదిలీకి 2 సెంట్లు చొప్పున ఫెడరల్ పన్ను ఉండేది. యుద్ధనౌక బొమ్మ ఉన్న స్టాంపులు అప్పటివే. పన్ను మళ్లీ 1914 డిసెంబర్‌లో వచ్చింది. మధ్యలో, 1905 నుంచి, న్యూయార్క్ రాష్ట్రం తన సొంత బదిలీ పన్ను వసూలుచేసింది. జారీ పన్ను స్టాంపుల్ని చాలాచోట్ల కౌంటర్‌ఫాయిల్ మీదే అంటించేవారు. స్టాంపుల వ్యాపారి వాటిని కత్తిరించుకుపోతే, సర్టిఫికెట్ మీది తేదీని సరిచూసుకునే ఆధారం పోతుంది. 1907 తేదీ ఉన్న జారీ కౌంటర్‌ఫాయిల్ మీద యుద్ధనౌక స్టాంపు కనిపిస్తే అనుమానించాలి. అనుమానించాలంటే ముందు అది అక్కడ ఉండాలి కదా.

అసలు ఈ రంగంలో దొరికే కాగితానికీ నడిచిన రైలుకూ పొంతన తక్కువ. ఇంజనీరు ఫ్రాంక్ స్ప్రేగ్ వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో 1888 ఫిబ్రవరి 2న సుమారు 12 మైళ్ల మీద ట్రాలీలు నడిపి చూపించాక, రెండు దశాబ్దాల్లో అమెరికా మధ్యపశ్చిమం అంతటా తీగలు పరుచుకున్నాయి. ఒక్క ఒహాయోలోనే 2,700 మైళ్లకు పైగా ఇంటర్‌అర్బన్ లైన్లు ఉండేవి, ఇండియానాది రెండో స్థానం. వాటిలో చాలా కంపెనీలు 1920, 30లలో దివాలా తీశాయి. ముప్పై ఏళ్లు జనాన్ని మోసిన లైన్లకు ఇవాళ ఒక్క చిట్టా కూడా దొరకదు. మరోవైపు షికాగో–న్యూయార్క్ ఎలక్ట్రిక్ ఎయిర్ లైన్ ఉంది (ఎయిర్ లైన్ అంటే ఇక్కడ విమానాలు కాదు, వంపుల్లేని తిన్నని రైలు దారి). 1906లో మొదలైన ఈ కంపెనీ రెండు నగరాల మధ్య తిన్నగా గీత గీసినట్టు పట్టాలు వేస్తామని, పది గంటల్లో పది డాలర్లకు చేరుస్తామని చెప్పి ఊరూరా మామూలు జనానికి షేర్లు అమ్మింది. వేసింది ఇండియానాలో కొద్ది మైళ్లే. షేర్లు మాత్రం వేల ఇళ్ల ట్రంకుపెట్టెల్లో మిగిలిపోయాయి. మార్కెట్‌లో ఎక్కువగా కనబడుతోంది కాబట్టి అదేదో పెద్ద రైల్వే అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇప్పుడు బాండు సంగతి. తెలిసినవారు బాండు ముందువైపు బొమ్మ కన్నా ముందు కూపన్ల పట్టీ చూస్తారు. వడ్డీ తీసుకోవడానికి ఒక్కొక్కటే కత్తిరించి ఇచ్చే చీటీలే కూపన్లు. మామూలు ఇంటర్‌అర్బన్ బాండు 1,000 డాలర్లది, 5 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు. ఆరు నెలలకోసారి 25 డాలర్లు, మొత్తం 60 కూపన్లు. 1903 జనవరి 1న జారీ అయిన బాండు అనుకుందాం. ఒకటో కూపన్ 1903 జూలైది, అరవయ్యోది 1933 జనవరిది. మీ చేతిలో ఉన్న బాండుకు 31వ కూపన్ నుంచి మిగిలి ఉంటే, చివరిగా కత్తిరించింది 1918 జనవరి కూపన్ అన్నమాట. యుద్ధకాలంలో బొగ్గు, రాగి, కూలి రేట్లు పెరిగాయి. చార్జీ మాత్రం ఊరి ఫ్రాంచైజీలో (వీధుల్లో రైలు నడపడానికి ఊరు ఇచ్చిన అనుమతిపత్రంలో) రాసుకున్న అయిదు సెంట్ల దగ్గరే ఆగింది. కంపెనీలు వరసగా చేతులెత్తేయడంతో అధ్యక్షుడు విల్సన్ 1919లో ఫెడరల్ ఎలక్ట్రిక్ రైల్వేస్ కమిషన్ వేయాల్సి వచ్చింది. కూపన్లు 31 దగ్గర ఆగడం ఈ కథకు సరిపోతుంది. అయితే తొందరపడకండి. గడువుకు ముందే కంపెనీ బాండును వెనక్కి కొని రద్దుచేసినా కూపన్లు మిగులుతాయి, అసలు అమ్ముడుపోకపోయినా మిగులుతాయి. తేల్చేవి మూడు: ట్రస్టీ (బాండుదారుల తరఫున తాకట్టు పట్టుకున్న సంస్థ) సంతకం పడిందా, రద్దు చిల్లులు ఉన్నాయా, వెనకవైపు పునర్వ్యవస్థీకరణ కమిటీ ముద్ర ఉందా. బాండుదారుల రక్షణ కమిటీకి బాండు అప్పగించినవారికి డిపాజిట్ సర్టిఫికెట్ ఇచ్చేవారు. అది కూడా చూడటానికి షేరులాగే ఉంటుంది, చాలామంది షేరని అమ్మేస్తుంటారు కూడా.

బాండు వెనక ఉన్న తాకట్టు దస్తావేజు అచ్చు పుస్తకంగా దొరుకుతుంది. సాదా అట్ట, బొమ్మలు లేవు, ఎవరూ కొనరు. మీరు కొనండి. ఏ ఊరి నుంచి ఏ ఊరికి లైను, ఎన్ని కార్లు (పట్టాల మీద నడిచే పెట్టెలు), పవర్‌హౌస్ ఎక్కడ, ఏ భూములు అన్నీ అందులో పేర్కొంటారు. లైను వెళ్లిన ప్రతి కౌంటీ రికార్డరు ఆఫీసులోనూ దాన్ని రిజిస్టరు చేయించేవారు కాబట్టి సరిచూసుకోవడానికి కాపీ కూడా ఉంటుంది.

రోజువారీ కాగితాల దగ్గరికి వస్తే కండక్టర్ ట్రిప్ షీట్‌ను మించినది లేదు. పైన కారు నంబరు, కండక్టర్, మోటర్‌మన్ బ్యాడ్జి నంబర్లు, కింద ట్రిప్పుకొక గీత. రిజిస్టర్ (చార్జీ అందినప్పుడల్లా గంట మోగించి అంకె పెంచే యంత్రం) ఉదయం 41,260, సాయంత్రం 41,618 అని ఉందనుకోండి. తేడా 358. బదిలీ టికెట్లను (మళ్లీ చార్జీ లేకుండా ఇంకో కారు ఎక్కడానికి ఇచ్చేవి) కూడా అదే రిజిస్టర్‌లో మోగించే కంపెనీ అయితే 46 బదిలీలు, ముందే అమ్మిన టికెట్లు 60 తీసేయగా 252 నగదు చార్జీలు మిగులుతాయి. అయిదు సెంట్ల చొప్పున 12 డాలర్ల 60 సెంట్లు. కండక్టర్ జమకట్టింది 12.45 అయితే పక్కన ఎర్రసిరాతో 15 సెంట్ల తరుగు, అది అతని జీతంలో కోత. ఒక్క షీట్ ముచ్చటైన వస్తువు, అంతే. వరసగా నెలరోజుల షీట్లు ఉంటే పొద్దున ఏ కారు కిక్కిరిసింది, మధ్యాహ్నం ఏది ఖాళీగా తిరిగింది, ఆదివారం పార్కు లైను ఎంత తెచ్చింది, ఏ కండక్టరుకు ఎప్పుడూ తరుగే వస్తోంది అన్నీ తెలుస్తాయి. అలాంటి నెలకట్టను విప్పి షీటుకో రేటు పెట్టి అమ్మడం మాకు అసలు మింగుడుపడని పని. దూరాన్ని బట్టి చార్జీ మారే ఇంటర్‌అర్బన్లలో డేటన్‌కు చెందిన ఓమర్ కంపెనీ రిజిస్టర్లు లెక్కను కాగితం మీద అచ్చువేసేవి. ఆ అచ్చు కాగితం, అదే రోజు ట్రిప్ షీట్ ఒకేచోట పిన్ను పెట్టి దొరికితే పిన్ను మాత్రమే తీయండి, జంట విడదీయకండి.

బదిలీ టికెట్లంటే మోజు ఉన్నవారికి ఒక్కమాట. రోచెస్టర్‌కు చెందిన జాన్ స్టెడ్‌మన్ 1890లలో తెచ్చిన టికెట్ల మీద గడ్డం, మీసం, టోపీలతో రకరకాల ముఖాల బొమ్మలుంటాయి. ప్రయాణికుడి పోలిక చూసి కండక్టరు ఆ బొమ్మ దగ్గర పంచ్ కొట్టాలి, టికెట్ ఇంకొకరికి అమ్మకుండా. ఆడవాళ్ల బొమ్మ దగ్గర వయసు అంచనా వేయడం కండక్టరుకు ఎంత ప్రాణసంకటమో ఊహించుకోవచ్చు. ఇలాంటివి విడిగా సేకరించినా నష్టం లేదు, వీధిలో పారేసినవే ఎక్కువ కాబట్టి. ప్రింటరు దగ్గర మిగిలిన నమూనాల పుస్తకం దొరికితే మాత్రం విప్పకండి.

వోచర్లు పెట్టెలకొద్దీ వస్తాయి. మూడు మడతలు పెట్టిన దళసరి కవరు, పైన నంబరు, ఎవరికి, ఎంత, ఏ ఖాతా అని రాసి ఉంటుంది, లోపల అసలు బిల్లు. బ్రిల్, నైల్స్, జ్యూవెట్, సెయింట్ లూయిస్ లాంటి కార్ల తయారీదార్ల బిల్లు, జనరల్ ఎలక్ట్రిక్ లేదా వెస్టింగ్‌హౌస్ మోటార్ల బిల్లు వీటిలోనే దొరుకుతాయి. అందమైన లెటర్‌హెడ్ కోసం బిల్లు లాగేసి కవరు పారేస్తే ఆ ఖర్చు ఏ పద్దు కింద రాశారో తెలియదు. వోచర్లకు తాళంచెవి వోచర్ రిజిస్టర్. అది లేకపోతే 8,000 కవర్లలో కావలసినది వెతకడం గడ్డివామిలో సూది వెతకడమే. పెట్టెలు ఒకరు, రిజిస్టరు ఇంకొకరు కొనే పరిస్థితి వస్తే, వేలంలో ఒకరిమీద ఒకరు పాడుకోకుండా మాట్లాడుకుని ఒకచోట చేర్చండి.

అట్టపోయిన లెడ్జర్ పేజీలు దొరికితే నిరాశపడక్కర్లేదు. వీధి రైల్వేల అకౌంటెంట్లు 1897లోనే సంఘం పెట్టుకుని ఖాతాలకు ఒకే వర్గీకరణ తెచ్చారు. తర్వాత రైల్వేలను నియంత్రించే ఫెడరల్ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ తన ఏకరూప ఖాతాల పద్ధతిని 1914 జూలై 1 నుంచి సవరించి అమల్లో పెట్టింది. ఖాతా పేర్లు, నంబర్లు ఏ వర్గీకరణకు సరిపోతాయో చూస్తే పేజీ కాలం సుమారుగా పట్టుకోవచ్చు. ఏడాది మొత్తాలను రాష్ట్ర రైల్‌రోడ్ కమిషన్ల అచ్చు నివేదికలతో పోలిస్తే కంపెనీ పేరు కూడా చాలాసార్లు బయటపడుతుంది. చిట్టా, ఆవర్జా రెండూ ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

డిస్పాచర్ (ఏ కారు ఎప్పుడు కదలాలో ఆర్డర్లిచ్చే ఉద్యోగి) షీట్లు, ఆర్డర్ల పుస్తకాలు ఎంత మాసి ఉన్నా వదలకండి. ఇంటర్‌అర్బన్లలో ఎక్కువభాగం ఒకే ట్రాక్. ఎదురెదురు కార్లు సైడింగుల్లో తప్పుకోవాలి. సిబ్బంది దారిపక్క ఫోన్ బాక్సు నుంచి డిస్పాచర్‌తో మాట్లాడి, ఆర్డరు కార్బన్ కాగితాలతో రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. 1910 సెప్టెంబర్ 21న ఇండియానాలో కింగ్స్‌లాండ్ దగ్గర ఫోర్ట్ వేన్ అండ్ వాబాష్ వ్యాలీ కంపెనీ కార్లు రెండు ఎదురెదురుగా గుద్దుకుని 40 మందికి పైగా చనిపోయారు. అలాంటి ప్రమాదం ముందురోజుల్లో ఆర్డర్లు ఎలా రాసేవారో, ఎక్కడ కొట్టివేతలు ఉండేవో చూపేది ఆ నలిగిన కార్బన్ పుస్తకమే. పవర్‌హౌస్ లాగ్ షీట్లూ అంతే. గంటగంటకూ వోల్టులు, ఆంపియర్లు, కాల్చిన బొగ్గు. 600 వోల్టుల లైనులో చివరి స్టేషన్ దగ్గర వోల్టేజీ ఎంతకు పడిపోయేదో కంపెనీ కరపత్రంలో రాయరు, లాగ్‌లో రాస్తారు.

పేర్ల దగ్గర జాగ్రత్త. "లేక్ షోర్" అని కనిపించగానే కొనేయకండి. లేక్ షోర్ ఎలక్ట్రిక్ ఒహాయోది. లొరెయిన్ అండ్ క్లీవ్‌లాండ్, టొలీడో ఫ్రీమాంట్ అండ్ నార్వాక్ వంటి చిన్న కంపెనీలు 1901లో కలిసి ఏర్పడింది, 1938లో ఆగింది. షికాగో లేక్ షోర్ అండ్ సౌత్ బెండ్ వేరు. 1901లో షికాగో అండ్ ఇండియానా ఎయిర్ లైన్‌గా పుట్టి, 1904లో ఆ పేరు పెట్టుకుని, 1925లో కరెంటు కంపెనీల అధిపతి శామ్యూల్ ఇన్సల్ చేతికి వచ్చాక షికాగో సౌత్ షోర్ అండ్ సౌత్ బెండ్ అయింది. ఆ లైను ఇవాళ్టికీ నడుస్తోంది. లేక్ షోర్ అండ్ మిషిగన్ సదరన్ అయితే అసలు ఆవిరి రైల్వే. ఎయిర్ లైన్ అన్న మాట పైన చెప్పిన న్యూయార్క్ కంపెనీలోనూ ఉంది, దీంట్లోనూ ఉంది. అమ్మేవారి వర్ణన నమ్మకుండా మూడు చూడండి: పూర్తి పేరు, ఏ రాష్ట్రంలో రిజిస్టరయింది, తేదీ. తర్వాత కంపెనీల వివరాలు ఏటా అచ్చువేసిన పూర్స్ మాన్యువల్లోనో, మెక్‌గ్రా వాళ్ల ఎలక్ట్రిక్ రైల్వే వార్షికల్లోనో ఆ ఏడాది సంచికలో డైరెక్టర్ల పేర్లతో సంతకాలు పోల్చండి. చాలా సంచికలు స్కాన్ అయి ఉచితంగా చదవడానికి దొరుకుతున్నాయి.

లాస్ ఏంజెలెస్ ఎలక్ట్రిక్ రైల్వేల అధిపతి హెన్రీ హంటింగ్టన్, ఇన్సల్ లాంటి పేర్లున్న సంతకానికి ఎక్కువ డబ్బు అడుగుతారు. భూతద్దం పెట్టండి. చేతిరాత సిరా కాగితం పోగుల్లోకి ఇంకుతుంది, గీత మొదట్లో చివర్లో మందం మారుతుంది. అచ్చు సంతకంలో గీత అంచులు ఒకేలా ఉంటాయి, రబ్బరు ముద్రలో అంచున సిరా గుమికూడుతుంది. "ఈ షేరుకు ఇప్పటికీ డబ్బు రావచ్చు" అనే మాటను మాత్రం నవ్వి వదిలేయండి. రద్దు ముద్ర పడినదానికి డబ్బు రాదు, దివాలా తీసి మూతపడిన కంపెనీ షేరుకూ రాదు.

కొనేటప్పుడు పద్ధతి ఇది. ఎస్టేట్ సేల్ జరిగే ఇంట్లోనో, పాత లాయరు ఆఫీసులోనో, కరెంటు కంపెనీ నేలమాళిగలోనో రికార్డులు కనిపిస్తే చేయిపెట్టే ముందు అరలను ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీయండి. (కరెంటు కంపెనీ ఎందుకంటే, చాలా ఊళ్లలో ట్రాలీ, దీపాలు ఒకే యజమానివి. 1935 హోల్డింగ్ కంపెనీ చట్టం తర్వాత విడిపోయినా కాగితాలు అక్కడే ఉండిపోయాయి.) ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి పెట్టెలకు నంబర్లు వేయండి. అమ్మినవారి పేరు, చోటు, తేదీ, మునుపు ఎవరి దగ్గర ఉండేవి అన్నది పెన్సిల్‌తో ఒక కాగితం మీద రాసి 1వ పెట్టెలో పెట్టండి. ఇంటికి తెచ్చాక "లెటర్లు ఒకవైపు, బిల్లులు ఒకవైపు" అని వేరుచేయకండి. గుమాస్తా పెట్టిన వరస కూడా సమాచారమే. లైబ్రరీ ముద్ర, పెన్సిల్‌తో రాసిన షెల్ఫ్ నంబరు, చెరిపిన గుర్తు కనిపిస్తే ముందు ఆ సంస్థకు ఫోన్ చేసి కనుక్కోండి. దొంగసొత్తు అయితే డబ్బూ పోతుంది, పరువూ పోతుంది.

పెట్టె 12 అంగుళాల వెడల్పు, 15 పొడవు, 10 ఎత్తు ఉన్న రికార్డు కార్టన్ అయితే చాలు. అంతకన్నా పెద్దది ఎత్తలేరు. పెద్ద లెడ్జర్లను నిలబెట్టకండి. లోపలి బరువుకు కుట్లు తెగి పేజీల దిమ్మ అట్టలోంచి కిందికి జారుతుంది. పడుకోబెట్టి, ఒకదానిమీద రెండుకు మించకుండా పెట్టండి. సాదా లెడ్జర్‌కు ధర తక్కువ, రవాణా ఎక్కువ. అందుకే చాలామంది వదిలేస్తారు. ఇద్దరు ముగ్గురు కలిసి కారేసుకుని వెళ్లి తెచ్చుకోవడమే దీనికి మందు.

ఇంట్లో ఉంచే తీరులో జరిగే నష్టం ఎక్కువ. అటక, గ్యారేజీ, నేలమాళిగ మూడూ పనికిరావు. తేమ 30 నుంచి 50 శాతం మధ్య, వేడి 21 డిగ్రీల సెల్సియస్ దాటకుండా ఉండే లోపలి గది అల్మారా మంచిది. తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది. బూజు పట్టినవి వస్తే వేరే గదిలో పెట్టి, ఎన్95 మాస్కు వేసుకుని, పూర్తిగా ఆరాక మెత్తటి కుంచెతో బయట దులపండి. తడి ఉండగా రుద్దితే పోగుల్లోకి దిగుతుంది. రబ్బరు బ్యాండ్లు, తుప్పు పిన్నులు తీసేయండి. సెల్లోటేపు, లామినేషన్ ఎంతమాత్రం వద్దు. లామినేషన్ చేసిన కాగితాన్ని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. పి.వి.సి. కవర్లు జిడ్డు వదులుతాయి, పాలియెస్టర్ కవరు వాడండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఆ రైల్వేల కాలపు కాగితం చాలావరకు కలప గుజ్జుతో చేసినది, లోపల ఆమ్లం ఉంటుంది. నాలుగువైపులా మూసిన పాలియెస్టర్‌లో అది ఇంకా త్వరగా పెళుసవుతుంది. వెనక ఒక ఆల్కలైన్ బఫర్ కాగితం పెట్టండి.

ఆ బఫర్ కాగితమే బ్లూప్రింట్ల పాలిట శత్రువు. పవర్‌హౌస్, కార్ల నక్షాల్లోని నీలిరంగు క్షారానికి వెలిసిపోతుంది. వాటికి బఫర్ లేని తటస్థ ఫోల్డర్ కావాలి, వెలుతురు తగలకూడదు. లెటర్‌ప్రెస్ కాపీ పుస్తకాలు ఇంకా సున్నితం. పల్చటి టిష్యూ పేజీల మీద తడితో తీసిన నకళ్లు అవి, అద్దకపు రంగు సిరా. అక్షరాలు పేజీ వెనకవైపు అచ్చుపడి ముందువైపు నుంచి కనిపిస్తాయి. నీళ్ల చుక్క పడితే ఊదారంగు మరకలో ఉత్తరం మొత్తం కరిగిపోతుంది. చదవాలంటే పేజీ కింద తెల్లకాగితం పెట్టి ఫోటో తీయండి, వేలు తడిచేసి తిప్పకండి. తోలు అట్ట ఎర్రగా పొడి రాలుతుంటే నూనె, పాలిష్ రాయకండి. ఆ మరక పేజీల్లోకి దిగుతుంది. ఆమ్లం లేని కాగితంలో చుట్టి టేపుతో కాకుండా నాడాతో కట్టండి. పరిహార కేసుల ఫైళ్లలో ఫిల్ము నెగెటివులు ఉంటే ఘాటైన వాసన, జిగట ఉన్నాయేమో చూడండి. నైట్రేట్ ఫిల్ము అయితే మంటపట్టే వస్తువు. ఇంట్లో ఉంచుకోకుండా వెంటనే ఏదైనా ఆర్కైవ్ సలహా తీసుకోండి.

స్కాన్ చేసి పంచుకునేవారు జీతాల పుస్తకాలు, ప్రమాదాల ఫైళ్ల విషయంలో ఆగి చూడాలి. 1936 చివర మొదలైన సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఆ తర్వాతి జీతాల కాగితాల్లో ఉంటాయి. వాటిని స్కాన్‌లో కప్పేయండి, అసలు కాగితం మీద గీతలు గీయకండి.

మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసు ట్రాము. 1895 మే 7న మొదలైంది, దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ ట్రాము. 1953 ఏప్రిల్‌లో మూతపడింది, మద్రాసు నుంచి విడివడి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి దాదాపు ఆరు నెలల ముందు. కంపెనీ లండన్‌ది. బ్రిటన్‌లో రద్దయిన కంపెనీల ఫైళ్లలో కొంతభాగం లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో బీటీ 31 వరసలో ఉంది. బ్రిటన్‌లో ఉన్నవారు ఒకసారి కేటలాగు వెతకవచ్చు. మీ తాతల పెట్టెల్లో ట్రాము పాసులు, జీతం చీటీలు, యూనియన్ రసీదులు ఉంటే, పైన చెప్పినదంతా వాటికీ వర్తిస్తుంది.

చివరిగా, ఇవన్నీ ఎక్కడికి చేరాలన్నది. బ్రిల్ కంపెనీ రికార్డులు ఫిలడెల్ఫియాలో హిస్టారికల్ సొసైటీ ఆఫ్ పెన్సిల్వేనియాలో ఉన్నాయి, సెయింట్ లూయిస్ కార్ కంపెనీవి ఆ ఊరి వాషింగ్టన్ యూనివర్సిటీలో. మీ దగ్గర ఒక కార్ల ఆర్డరు ఫైలు ఉంటే దాని రెండో సగం అక్కడ ఉండే అవకాశం ఉంది. ముందు కేటలాగు చూడండి. మెయిన్ రాష్ట్రంలో సీషోర్ ట్రాలీ మ్యూజియం, యూనియన్ ఊళ్లో ఇల్లినాయ్ రైల్వే మ్యూజియం, పెన్సిల్వేనియా ట్రాలీ మ్యూజియం లాంటివీ ఉన్నాయి. ఇచ్చే ముందు రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు అడగండి: కట్టను విడదీయకుండా ఉంచుతారా, ఎంతకాలంలో జాబితా వేస్తారు, వద్దనుకుంటే మాకు చెబుతారా లేక అమ్మేస్తారా. అమెరికాలో పన్ను మినహాయింపు కావాలంటే నగదు కాని విరాళాల విలువ 500 డాలర్లు దాటితే ఫారం 8283, 5,000 దాటితే అర్హత ఉన్న మదింపుదారు నివేదిక అవసరం. ఆ మదింపు పుచ్చుకునే సంస్థ చేయకూడదు.

ఇప్పుడే ఇచ్చే ఉద్దేశం లేకపోతే ప్రతి పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించండి. ఏ కంపెనీ, ఏ సంవత్సరాలు, మొత్తం ఎన్ని పెట్టెల్లో ఇది ఎన్నోది, ఏ సంస్థతో మాట్లాడారు, వారి ఫోన్ నంబరు. తెలుగులో కాదు, ఇంగ్లీషులో రాయండి. ఆ పెట్టె మూత తెరిచేది మీ పిల్లలు కాకపోవచ్చు, ఇల్లు ఖాళీ చేయించే కూలీ కావచ్చు.

ఇట్లు,
ట్రాలీ కంపెనీల పాత లెక్కల పుస్తకాలతో పనిచేసే కొందరం